ప్లాస్టిక్ నమూనాలు – నాణ్యతా భేదములు

పోలికను గూర్చి చెప్పవలసి వచ్చినపుడు మనవారు 'అచ్చు గుద్దినట్లున్నది' అందురు. తండ్రిని పోలిన కుమారుని చూచి 'అచ్చు వాళ్ళ నాన్నే' అందురు. ఉర్దూ భాషలో చక్కని అంగసౌష్ఠవము గలవారిని 'సాంచే మేఁ ఢలా హువా' అని మెచ్చుకొందురు. సాంచా యనగా అచ్చు. అచ్చు నుండి వచ్చినది తీరుగా నుండుననియు, ఒకదాని నొకటి తప్పక పోలియుండుననియు గల నమ్మకము ఈ రెండు భాషల పలుకుబడులలోను కలదు. ఆ నమ్మకము ఎంతవరకు నిజమో పరీక్షించుటకు ప్లాస్టిక్ నమూనా పెట్టెలు చక్కని సాధనములు.

విమానము, ఓడ, యుద్ధ శకటము, కారు మొదలగు నిజమైన యంత్రమును నిర్ణీతమైన నిష్పత్తిలో తగ్గించి, భాగములుగా విడదీసి, ఆ భాగములను ప్లాస్టిక్‌తో అచ్చుపోసి పెట్టెలో అమర్చి అమ్ముదురు. దీనినే కిట్ అందురు. కొన్నవారు భాగములను చట్రము నుండి కోసి, అతికించి, రంగులు వేసి పూర్తి చేసికొందురు. నిష్పత్తిని స్కేలు అందురు. విమానములకు 1/72, 1/48 స్కేళ్ళును, యుద్ధ శకటములకు 1/35 స్కేలును ఎక్కువగా వాడుకలో నున్నవి. 1/72 అనగా నిజ విమానములో ఆరడుగుల పొడవు నమూనాలో ఒక అంగుళమగును. రెండవ ప్రపంచ యుద్ధములో పేరొందిన బ్రిటిష్ విమానము స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు సుమారు 11.23 మీటర్లు. అది 1/72లో 156 మిల్లీమీటర్లు, 1/48లో 234 మిల్లీమీటర్లు అగును.

ఒకే విమానమును ఒకే స్కేలులో రెండు సంస్థలు తయారు చేసినవనుకొందము. ఒకదానిలో రెక్కను దేహమునకు చేర్చగానే చీలిక కనబడకుండ అమరును. మరియొకదానిలో అరచేతిని దూర్చదగినంత సందు మిగులును. వెలను చూచి ఈ భేదమును గుర్తింపలేము. పెట్టె మీది బొమ్మను చూచియు గుర్తింపలేము. ఈ భేదమునకు కారణమేమి? దానిని ముందుగా పసిగట్టుట ఎట్లు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇది వట్టి వినోదమునకు సంబంధించిన ప్రశ్న గదా యని కొందరనవచ్చును. కాని ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలో విమాన నమూనాల నిర్మాణమునకు స్థానము కలదు. అంతకంటె ముఖ్యమైన కారణము మరొకటి కలదు. విజ్ఞాన ప్రదర్శనమునకై నమూనా కూర్చుచున్న మా విద్యార్థి యొకడు సగము పూర్తియైన విమానమును వార్తాపత్రికలో చుట్టి మా వద్దకు తెచ్చి, "ఇది నా చేతికి రాదండీ సార్, మరెవరికైనా అప్పగించండి" అనెను. రెక్క మొదట పెద్ద సందు కనబడుచుండెను. అదే పెట్టెను కొన్న అతని సహాధ్యాయి భాగములను తెప్పించి, జిగురు పూయకయే చేర్చి చూచితిమి. అదే స్థలములో అంతే సందు! లోపము అతని చేతిలో లేదు, అచ్చులో నున్నది. ఆ సంగతి తెలియనిచో ఆ విద్యార్థి తన చేతికి నేర్పు లేదని నిశ్చయించుకొని జీవితాంతము పనిముట్టు పట్టకపోవునేమో! కావున లోపము ఎక్కడ పుట్టినదో వివేచించుట చిన్న విషయము కాదు.

కొంత చరిత్ర

1936లో బ్రిటనులో ఫ్రాగ్ అను పేరు గల సంస్థ 'పెంగ్విన్' అను వరుసలో 1/72 స్కేలు విమాన నమూనాలను విడుదల చేసినది. ప్లాస్టిక్ కిట్లకు ఇది తొలి అడుగు. అవి సెల్యులోజ్ ఎసిటేట్ అను పదార్థముతో చేయబడినవి. ఆ పదార్థము కాలక్రమమున వంకరపోవును. కనుక నేడు మిగిలియున్న ఆ నమూనాలలో అనేకము తిన్నగా లేవు.

హంగేరీ నుండి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో ఎయిర్‌ఫిక్స్ సంస్థను స్థాపించెను. ఆ సంస్థ మొదట గాలి నింపు రబ్బరు బొమ్మలను, పిమ్మట దువ్వెనలను చేసినది. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు కంపెనీ వారి కొరకు చేసిన చిన్న ట్రాక్టరు బొమ్మయే దానిని నమూనాల వైపు త్రిప్పినది. 1952లో 'గోల్డెన్ హైండ్' అను ఓడ నమూనాను పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌తో పోసి, పెట్టెకు బదులు సంచిలో పెట్టి, వూల్‌వర్త్ దుకాణములలో రెండు షిల్లింగులకు అమ్మిరి. పాఠశాల బాలుడు సైతము కొనగల వస్తువుగా నమూనా మారినది అప్పుడే.

జపాను చరిత్ర వేరు. షిజువోకా నగరమున యోషియో తమియా 1946లో కలప వ్యాపారమును ప్రారంభించెను. దాని నుండి కొయ్య నమూనాలును, కొయ్య నమూనాల నుండి ప్లాస్టిక్ నమూనాలును పుట్టినవి. 1960లో విడుదల చేసిన వారి తొలి ప్లాస్టిక్ నమూనా, 'యమాటో' యుద్ధనౌక, నష్టమునే మిగిల్చినది. ఆ వెనుక వచ్చిన పాంథర్ యుద్ధ శకటము వారిని నిలబెట్టినది. లోపల మోటారును, బ్యాటరీలను అమర్చుటకు వీలుగా దాని పరిమాణమును నిర్ణయింపగా అది 1/35 స్కేలుకు వచ్చినది. ఆ లెక్కయే తరువాత లోకమంతటికి ప్రమాణమైనది!

అచ్చు పని చేయు తీరు

నాణ్యతా భేదమును గ్రహించుటకు అచ్చు పని చేయు విధమును తెలిసికొనవలెను. పాలిస్టైరీన్ గింజలను 200 డిగ్రీల సెంటిగ్రేడు పైన కరగించి, అధికమైన ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి చొప్పింతురు. అచ్చునకు రెండు దిమ్మెలుండును. వాని నడుమ గల ఖాళీలోనికి ద్రవము ప్రవహించి, క్షణములలో గట్టిపడును. పిమ్మట దిమ్మెలు విడిపోవును. సన్నని ఉక్కు కడ్డీలు వెనుక నుండి త్రోయగా భాగములు చట్రముతో సహా వెలికి వచ్చును.

చెప్పుటకు సులభముగా నున్న ఈ పనిలో నాలుగు చిక్కులు కలవు.

మొదటిది సంకోచము. పాలిస్టైరీన్ చల్లారునపుడు సుమారు అర శాతము కుదించుకొనును. 156 మిల్లీమీటర్ల రెక్కలో ఇది ముప్పాతిక మిల్లీమీటరు. అచ్చును చెక్కువాడు ఈ కుదింపును ముందుగా లెక్కించి అచ్చును అంత పెద్దదిగా చేయవలెను. పైగా మందమైన చోట లోపలి భాగము ఆలస్యముగా చల్లారి, పై పొరను లోనికి లాగికొనును. అప్పుడు ఉపరితలమున సొట్ట పడును. అందుచే నేర్పరియైన రూపకర్త భాగములన్నిటిని ఒకే మందములో నుంచ యత్నించును.

రెండవది వాలు. అచ్చు నుండి భాగము సులభముగా ఊడి రావలెనన్న దాని ప్రక్కలు కొంచెము ఏటవాలుగా నుండవలెను. ఇడ్లీ పళ్ళెపు గుంటలు నిట్టనిలువుగాక వాలుగా నుండుటకు కారణమిదియే. విమాన దేహమును నిలువున రెండు చెక్కలుగా పోసినపుడు, అతుకు దగ్గరనుండు ప్రదేశము అచ్చులో ఇంచుమించు నిలువుగా నిలుచును. అచ్చట గీతలను లోతుగా చెక్కినచో భాగము అచ్చులోనే చిక్కుకొనును. కనుకనే అనేక నమూనాలలో ప్రక్కల గీతలు స్ఫుటముగా నుండి, పైకి పోయిన కొలది మాసిపోవును. ఖర్చునకు వెనుదీయని సంస్థలు ప్రక్కకు జరుగు భాగములు గల అచ్చులను చేయించి ఈ చిక్కును దాటుచున్నవి.

మూడవది అరుగుదల. దిమ్మెల అంచులు అరిగినను, వానిని గట్టిగా బిగింపకున్నను ద్రవము సందులలోనికి పాకి పలుచని పొరగా గట్టిపడును. రెండు దిమ్మెలు వెంట్రుకవాసి జరిగినను గుండ్రని గొట్టము మీద మెట్టు వంటి గీత ఏర్పడును.

నాలుగవది త్రోపుడు కడ్డీల గుర్తులు. ఇవి తప్పవు. అయితే అవి కనబడని చోట పడునట్లు చేయుట రూపకర్త బాధ్యత. చక్రముల గది లోపలను, పైలట్ ఆసనము వెనుకను గుండ్రని గుర్తులున్నచో రూపకర్త శ్రద్ధ వహింపలేదని గ్రహింపవచ్చును.

లోపము ఎవరిది?

పై విషయములను బట్టి లోపములను నాలుగు తరగతులుగా విభజింపవచ్చును. కొలతలు తప్పుట రూపకల్పనలోని లోపము. భాగములు ఒకదానితో నొకటి అమరకుండుట, గీతలు మొద్దుబారుట అచ్చులోని లోపము. భాగము సగమే నిండుట, వంకరపోవుట, సొట్టలధికమగుట పోతలోని లోపము, అనగా ఆనాడు యంత్రమును నడిపినవారి ఉష్ణోగ్రతకు, ఒత్తిడికి, చల్లార్చు వ్యవధికి సంబంధించినది. మిగిలినది కూర్చువాని చేతి లోపము.

వీనిని వేరుపరచు ఉపాయము కలదు. అదే కిట్ మరొక పెట్టెలోను అదే చోట అదే లోపమున్నచో అది అచ్చుది గాని రూపకల్పనది గాని కావలెను. ఒక పెట్టెలోనే యున్నచో అది పోతది. భాగపు అంచునున్న చట్రపు మొదలును, పలుచని పొరను శుభ్రముగా తొలగించి, జిగురు లేకుండ చేర్చి చూచినపుడు సందు మాయమైనచో లోపము మన తొందరపాటుదే.

కొండపల్లి బొమ్మతో పోల్చి చూచిన ఈ భేదము స్పష్టమగును. తెల్ల పొనికి కొయ్యతో చెక్కిన బొమ్మలో ముక్కు వంకరగా నున్నచో ఆ లోపము ఆ యొక్క బొమ్మకే పరిమితము. మరునాడు అదే శిల్పి దానిని దిద్దుకొనును. అచ్చులో తప్పు పడినచో ఆ తప్పు వేలకొలది పెట్టెలలో, దశాబ్దముల తరబడి, అచ్చు గుద్దినట్లు వచ్చుచునే యుండును. మన పలుకుబడి ఇచ్చట తప్పు విషయములోను నిజమగుచున్నది!

కొలత వేరు, నగిషీ వేరు

మంచి కిట్ అను మాటలో రెండు గుణములు కలిసియున్నవి. ఒకటి నిజ యంత్రపు ఆకారమునకు, కొలతలకు లోబడి యుండుట. రెండవది భాగములు చక్కగా అమరుట, ఉపరితలపు పని సన్నగా నుండుట. ఈ రెండును ఎల్లప్పుడు కలిసి రావు.

పూర్వపు నమూనాలలో విమానపు రేకుల అతుకులను ఉబ్బెత్తు గీతలుగా చూపెడివారు. అచ్చులో గీత గీచిన పోతలో అది ఉబ్బుగా వచ్చును గనుక అది సులభమైన మార్గము. 0.2 మిల్లీమీటర్ల ఉబ్బు 1/72 స్కేలులో 14 మిల్లీమీటర్లకు సమానము. ఏ విమానము మీదను అంత గట్టు ఉండదు. క్రమముగా లోతు గీతలు వచ్చినవి. 1973 నుండి వచ్చిన మాచ్‌బాక్స్ కిట్లు రెండు మూడు రంగుల ప్లాస్టిక్‌తో బాలుర నాకర్షించినవి గాని, వానిలో కొన్నింటి మీది గీతలు దుక్కి చాళ్ళవలె లోతైనవని విమర్శకులు నవ్వుకొనిరి. ఇట్లే పైలట్ గది మీది పారదర్శకమైన మూత ఒక మిల్లీమీటరు మందమున్నచో నిజ విమానములో అది 72 మిల్లీమీటర్ల అద్దమగును.

దీనికి భిన్నముగా, 1975లో అమెరికాకు చెందిన మోనోగ్రామ్ సంస్థ వెలువరించిన 1/48 బి-17 బాంబరు మీద ఉబ్బెత్తు గీతలే యున్నవి. అయినను దాని ఆకారమును, లోపలి గదుల పనితనమును అభ్యాసకులు చిరకాలము మెచ్చుకొనిరి. పాతదగుటచేతనే వస్తువు చెడ్డది కాదనుటకు ఇది నిదర్శనము.

కొత్తదగుటచేతనే వస్తువు సరియైనది కాదనుటకును నిదర్శనము కలదు. 2014లో చెక్ దేశపు ఎడ్వార్డ్ సంస్థ జర్మన్ మెసర్‌ష్మిట్ బి.ఎఫ్. 109 జి-6 విమానమును 1/48లో విడుదల చేసినది. ఉపరితలపు పనితనము అతి సున్నితము. కాని కొలబద్ద పెట్టి చూచినవారు అది ఉండవలసినదానికంటె పెద్దదిగా నున్నదని కనుగొనిరి. కంప్యూటరు మీద గీచి, యంత్రముతో చెక్కిన అచ్చు సైతము ఇచ్చిన కొలతనే పాటించును. ఆ కొలత తప్పైనచో ఆ తప్పును అతి కచ్చితముగా పోసిపెట్టును. మెచ్చదగిన సంగతి యేమనగా, ఆ సంస్థ విమర్శను త్రోసిపుచ్చక, కొత్త అచ్చులను చేయించి 2016లో సరియైన నమూనాను వెలువరించినది.

కొలతలకై చేయు శ్రమకు తమియా సంస్థ ఉదాహరణము ప్రసిద్ధము. 1970లలో పోర్షే 934 కారు నమూనా కొరకు వారు ఒక పోర్షే 911 కారునే కొని, విప్పి, భాగము భాగమును పరిశీలించిరి. వ్యాపారులలో ఎందరు అంత దూరము పోవుదురు? లభించిన ఛాయాచిత్రముల మీదనో, ఇతరుల చిత్రపటముల మీదనో ఆధారపడువారే ఎక్కువ. ఆ పటములలోని తప్పు అచ్చులోనికి, అచ్చులోని తప్పు మన చేతిలోనికి వచ్చును.

పాత అచ్చు, కొత్త పెట్టె

కొనువారిని ఎక్కువగా మోసపుచ్చునది వేరొకటి కలదు. ఉక్కు అచ్చు చేయించుట మిక్కిలి ఖర్చుతో కూడినది. కనుక సంస్థ మూతపడినను అచ్చు మూలపడదు, చేతులు మారును. 1970ల రెండవ భాగమున ఫ్రాగ్ కార్యకలాపములు ముగిసినపుడు దాని అచ్చులలో అనేకము సోవియట్ యూనియన్‌కు తరలి, 'నోవో' అను పేరుతో తిరిగి అంగడికెక్కినవి. యుద్ధములో తమకు శత్రువులైన దేశముల విమానముల అచ్చులను సోవియట్ వారు స్వీకరింపకపోగా అవి రెవెల్ సంస్థకు చేరినవి. ఆ విధముగా ఒకే అచ్చు వేరువేరు పేర్లతో, వేరువేరు రంగుల పెట్టెలలో, నాణ్యత వేరైన ప్లాస్టిక్‌తో వెలువడినది. పెట్టె మీద ముద్రించిన సంవత్సరము పెట్టె వయస్సును తెలుపునే గాని అచ్చు వయస్సును తెలుపదు.

దీనికి మారుగా, తక్కువ సంఖ్యలో పోయుటకు సులభమైన అచ్చులను వాడు చిన్న సంస్థలు 1990ల నుండి చెక్ దేశమున విస్తరించినవి. పెద్ద సంస్థలు ముట్టని అరుదైన విమానములను వారు అందించిరి. అందు భాగములను నిలుపు మేకులుండవు, అంచులు మొరటుగా నుండును. ఇది లోపమే గాని మోసము కాదు. తెలిసి కొన్నవానికి అది అభ్యాసము, తెలియక కొన్న బాలునికి అది నిరుత్సాహము.

మన దేశమునకును ఈ చరిత్రలో పాలు కలదు. 2010లలో ఎయిర్‌ఫిక్స్ కిట్లు అనేకము భారతదేశములోనే పోయబడినవి. ఆ మాట వాని పెట్టెల మీదనే ముద్రితమైయున్నది. రూపకల్పన ఒక దేశమున, పోత మరొక దేశమున జరుగునపుడు నాణ్యతకు ఇరువురును బాధ్యులే.

పెట్టె తెరచినపుడు

విద్యార్థులు పాటింపదగిన క్రమమును చెప్పుదుము. కొనుటకు ముందు అచ్చు తొలిసారి ఎప్పుడు వెలువడినదో అనుభవజ్ఞులనడిగి తెలిసికొనవలెను. బొమ్మను చూచి కొనరాదు, అది చిత్రకారుని ప్రతిభ మాత్రమే. భాగముల సంఖ్య ఎక్కువైనంత మాత్రమున కిట్ గొప్పది కాదు. తొలి ప్రయత్నమునకు నలుబది, ఏబది భాగములు చాలును.

పెట్టెను తెరచిన పిమ్మట దేహపు రెండు చెక్కలను, రెక్కలను కోసి జిగురు లేకుండ చేర్చి చూడవలెను. కొలబద్దతో రెక్కల వెడల్పును కొలిచి, స్కేలుతో గుణించి, నిజ కొలతతో పోల్చవలెను. ఇది రెండు నిమిషముల పని. పారదర్శకమైన భాగములలో గీతలు, బుడగలు కలవేమో చూడవలెను. అతికించు గుర్తుల కాగితములో రంగులు ఒకదాని మీద నుండి మరొకటి జరిగినచో వానిని వాడరాదు.

లోపము కనబడినచో నిరాశపడరాదు. పలుచని పొరను చాకుతో గీకవచ్చును. సందును లప్పముతో పూడ్చి, ఆరిన పిదప నీటిలో తడిపిన గరుకు కాగితముతో నునుపు చేయవచ్చును. కొద్దిపాటి వంకరను వేడి నీటిలో ముంచి సరిచేయవచ్చును. కాని ఆకారమే తప్పైనచో ప్రారంభకుడు దానితో పోరాడుట వ్యర్థము. దానిని రంగులు అభ్యసించుటకు ఉంచుకొనుట మేలు.

కళాశాల కార్యవర్గము వారికి మా మనవి యొకటి కలదు. విజ్ఞాన ప్రదర్శనమునకై నమూనాలు తెప్పించునపుడు ఖరీదైన పెద్ద పెట్టె ఒకటి కొని బీరువాలో నిలుపుటకంటె, చక్కగా అమరునని పేరున్న చిన్న కిట్లను ఆరింటిని కొని విద్యార్థుల చేతికిచ్చుట ఉపయుక్తము. ప్రతి పెట్టెలో కనబడిన లోపములను, వానిని సరిదిద్దిన విధమును విద్యార్థులచేతనే ఒక పుస్తకములో వ్రాయించి గ్రంథాలయమునందుంచినచో, మరుసటి సంవత్సరము వచ్చువారు ఎక్కడ తమ చేతిని దిద్దుకొనవలెనో, ఎక్కడ అచ్చును శంకింపవలెనో సులభముగా తెలిసికొందురు. ఆ పుస్తకమునకు మొదటి పుటను మా విద్యార్థి ఆ రెక్క సందును గూర్చి ఇదివరకే వ్రాసి యిచ్చినాడు. మిగిలిన పుటలను మీరు నింపుదురని ఆశించుచున్నాము.